పట్టు – విడుపు

నలభై తొమ్మిదేళ్ళ వయస్సులో నేను క్రింద పడటం నేర్చుకుంటున్నాను. వారానికి మూడు రోజులు, ఫజ్ర్ నమాజు ముగించుకుని, హన్మకొండలో ఒక పాఠశాల పై అంతస్తులో ఉన్న హాలుకు వెళ్ళి, తెల్లని దుస్తులు ధరించి, గంటసేపు పడుతూ లేస్తూ ఉంటాను. ఈ విద్య పేరు ఐకిడో. జపాను దేశంలో పుట్టింది. నేను మొదలుపెట్టి ఎనిమిది నెలలయింది. నాతోపాటు నేర్చుకునేవారు పదిమందికి మించరు. వారిలో అధికులు నా వద్ద లెక్కలు చదువుకునే పిల్లల ఈడువారే. బోధించే యువకుడు బెంగుళూరులో ఉద్యోగం చేస్తూ అక్కడ ఏళ్ళ తరబడి ఈ విద్య అభ్యసించి, తల్లిదండ్రులను చూసుకోవడానికి సొంత ఊరు తిరిగి వచ్చినవాడు. ఆయన నన్ను 'సార్' అంటాడు, నేనూ ఆయనను 'సార్' అంటాను. కొత్తగా వచ్చినవారికి మాలో గురువెవరో తెలియడానికి కాస్త సమయం పడుతుంది. నేను పడటం చూశాక తెలిసిపోతుంది.

మస్జిదు మెట్ల మీద చెప్పులు తొడుక్కునే వేళ మిత్రులు "మాస్టర్ సాబ్, ఈ వయస్సులో కుస్తీలా?" అని నవ్వుతారు. హాస్యాన్ని హాస్యంగానే తీసుకుంటాను. అయినా ఆ ప్రశ్నకు సమాధానం కోసం మనం దూరం వెళ్ళనక్కరలేదు. ఖురైషీలలో పేరుమోసిన మల్లుడు రుకానాతో దైవప్రవక్త (స) కుస్తీ పట్టి అతన్ని పడగొట్టారన్న ఉల్లేఖనం అబూదావూద్, తిర్మిజీ గ్రంథాలలో ఉంది. దాని పరంపర బలమైనది కాదని ఇమాం తిర్మిజీ స్వయంగా వ్రాశారు కనుక నేను దానిపై ఎక్కువ భారం మోపను. ఉహుద్ యుద్ధానికి బయలుదేరిన వేళ చిన్న పిల్లలను వెనుకకు పంపుతుండగా జరిగిన సంఘటన సీరా గ్రంథాలు చదివేవారందరికీ తెలిసినదే. విలువిద్యలో నేర్పరి అని రాఫె బిన్ ఖదీజ్ (రజి)కు అనుమతి లభించింది. అది చూసిన సమురా బిన్ జుందుబ్ (రజి) తాను కుస్తీలో రాఫెను పడగొట్టగలనని మొరపెట్టుకున్నారు. ఇద్దరికీ పోటీ పెట్టారు, సమురా గెలిచారు, ఆయనకూ అనుమతి దొరికింది. ఇద్దరూ అప్పటికి నూనూగు మీసాల బాలురు. ఇక హజ్రత్ ఆయిషా (రజి)తో ప్రవక్త (స) పరుగు పందెం వేసిన ముచ్చట మన ఇళ్ళలో తరచుగా చెప్పుకునేదే. మొదటిసారి ఆమె గెలిచారు, కొన్నేళ్ళ తరువాత ఆయన గెలిచారు. దేహాన్ని దృఢంగా ఉంచుకోవడం ధర్మానికి వెలుపలి విషయమని మన పెద్దలెవరూ అనుకోలేదు.

అయితే నేను ఈ విద్య వైపు నడిచింది గ్రంథాలు చదివి కాదు. మా అమ్మాయి కారణంగా నడిచాను.

అమ్మాయి ఇంటర్ రెండవ సంవత్సరం. మేము మండీబజారు వైపు ఉంటాము, కళాశాల హన్మకొండలో. ఒకనాటి సాయంత్రం బస్‌స్టాపులో ఒక ఆకతాయి ఆమె ముంజేతిని పట్టుకున్నాడు. ఎంతసేపని అడిగితే, "ఏమో అబ్బా, పది లెక్కపెట్టేంత" అన్నది. అరుద్దామంటే గొంతు పెగలలేదట. చేయి వెనక్కి లాక్కున్న కొద్దీ పట్టు బిగిసిందట. బస్సు రావడంతో వాడే వదిలి నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. ఈ సంగతి ఆమె తల్లితో చెప్పడానికి మూడు వారాలు పట్టింది. తల్లి నాతో చెప్పడానికి ఒక రాత్రి పట్టింది.

ఆ తరువాతి ఆదివారం మా ఇంట్లో జరిగిన చర్చ చాలా ముస్లిం ఇళ్ళలో జరిగేదే. మా అమ్మీ, చదివింది చాలు, సంబంధాలు చూడమన్నది. అమ్మాయి ఫుప్పూ, అంటే నా చెల్లెలు, కళాశాల మార్చమన్నది. ఆటో మాట్లాడదామని నేనన్నాను. నా భార్య అందరి మాటలూ విని, "చేయి పట్టుకున్నవాడు బయట తిరుగుతుంటే, ఇంట్లో కూర్చోవలసింది ఇదా?" అని ఒక్క మాట అని వంటింట్లోకి వెళ్ళింది. అమ్మాయి మాత్రం, "నేను నేర్చుకుంటాను అబ్బా. విడిపించుకోవడం నేర్చుకుంటాను" అన్నది. ప్రభుత్వ పాఠశాలలో చదివినప్పుడు ఆడపిల్లల ఆత్మరక్షణ శిక్షణ పేరిట కొన్ని వారాలు కరాటే నేర్పారు. వరుసలో నిలబడి గాలిలో గుద్దడం వరకే అది సాగిందని, మనిషి చేయి పట్టుకుంటే ఏమి చేయాలో అక్కడ రాలేదని ఆమె అభిప్రాయం.

మన జంట నగరాలలో కరాటే, తైక్వాండో నేర్పే చోట్లు చాలా పేటల్లో ఉన్నాయి. రెండు మూడు చూశాను. ఒకచోట హాలు నిండా పతకాలు, ఇంకొకచోట చెవులు చిల్లులుపడే అరుపులు. సహోపాధ్యాయుడొకరు ఈ ఐకిడో తరగతి గురించి చెప్పారు. ఇందులో పోటీలు లేవు, పతకాలు లేవు, పట్టుకున్న చేతిని విడిపించుకోవడంతోనే పాఠాలు మొదలవుతాయని అన్నారు. ఆ చివరి మాట నన్ను పట్టుకున్నది. అయితే ఆడపిల్లను పంపే చోటు ఎటువంటిదో గడప బయట నిలబడి చూస్తే తెలియదు. ముందు నేను చేరి చూస్తానన్నాను. అమ్మాయి నవ్వును ఆపుకున్నది. నా భార్య ఆపుకోలేదు.

మొదటి రెండు నెలలు పడటమే. వెనక్కి పడేటప్పుడు ఒక కాలు మడిచి, పిరుదుల మీదుగా వెన్నును గుండ్రంగా చేసి, గడ్డాన్ని రొమ్ముకు ఆనించి దొర్లాలి. గడ్డం ఆనించకపోతే తల వెనుక భాగం నేలకు తగులుతుంది. ముందుకు పడేటప్పుడు చేతిని చాపి ఆపబోవడం మనిషికి సహజం. మణికట్లు విరిగేది ఆ సహజగుణం వల్లనే. దానికి బదులు చేతిని విల్లులా వంచి, ఒక భుజం మీదుగా దొర్లి, వీపును ఐమూలగా దాటి ఎదుటి తుంటి మీదుగా లేవాలి. దీనిని జపాను భాషలో 'ఉకెమి' అంటారు. దెబ్బను ఒంటితో స్వీకరించడమని దాని భావం. పదేళ్ళ పిల్లవాడు బంతిలా దొర్లి లేస్తుంటే నేను బియ్యపు బస్తాలా దబ్బున పడేవాణ్ణి. "సార్, నేలతో పోట్లాడకండి" అనేవాడు గురువు. నా వయస్సు మగవారికి, ఆడవారికి కూడా, నేను నిస్సంకోచంగా చెప్పగలిగిన విషయం ఒకటుంది. మిగతా ఐకిడో అంతా మరచిపోయినా ఈ పడటం ఒక్కటి నేర్చుకుంటే స్నానాలగదిలో జారినప్పుడు పనికివస్తుంది. తుంటి ఎముక విరిగి మంచం పట్టిన పెద్దలు లేని కుటుంబం మన బంధువర్గంలో అరుదు.

జపానులో ఈ అభ్యాసానికి గడ్డితో అల్లిన తతామీ చాపలు పరుస్తారు. మా హాలులో స్పాంజి పలకల మీద కొత్తవాడ జంపఖానాలు పరచి అంచులు బిగించి కట్టారు. వరంగల్ జంపఖానాకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించింది. మొఘల్ సైన్యాల వెంట వచ్చిన నేతగాళ్ళు ఈ పనితనాన్ని ఇక్కడికి తెచ్చారని పెద్దలు చెప్పుకుంటారు. మా మస్జిదులో సఫ్ఫుల వెంట పరచినవీ అవే. ఫజ్ర్‌లో నొసలు ఆనిన నూలు మీదనే అరగంట తరువాత వీపు ఆనుతుంది. నాకు ఇది ఎందుకో బాగుంటుంది.

ఈ విద్యను రూపొందించిన మోరిహె ఉయెషిబా 1883లో జపానులోని తనాబె అనే ఊరిలో జన్మించారు. ఐదు అడుగులకు కాస్త మించిన మనిషి. బాల్యంలో బలహీనుడు. తకెదా సోకాకు అనే గురువు వద్ద పూర్వపు సమురాయి వంశాలకు చెందిన జుజుత్సు పట్టులు నేర్చుకుని, దశాబ్దాల పాటు వాటిని తన పద్ధతిలో మలిచారు. జూడో స్థాపకుడు కనో జిగోరో 1930లో ఆయన అభ్యాసాన్ని చూసి మెచ్చి తన శిష్యులలో కొందరిని ఆయన వద్దకు పంపారు. 'ఐకిడో' అన్న పేరు 1942లో స్థిరపడింది. 1969లో ఆయన మరణించేనాటికి ఈ విద్య జపాను దాటి ఐరోపా, అమెరికాలకు చేరింది. 'ఐ' అంటే కలయిక, పొందిక. 'కి' అంటే ఊపిరి, ప్రాణశక్తి. 'డో' అంటే మార్గం. ఎదుటివాని బలానికి ఎదురు నిలవక, దానితో కలిసి కదలి, దాని దారి మళ్ళించడం ఇందులోని పద్ధతి.

ఉయెషిబా ధార్మిక చింతన గల మనిషి. జపానులో ఒమోతో అనే సంప్రదాయపు ప్రభావం ఆయనపై గాఢంగా ఉంది. ఇవామా అనే పల్లెలో ఆయన ఈ విద్యకు ఒక దేవాలయమే కట్టించారు. కొందరు గురువులు 'కి' గురించి విశ్వమంతా నిండిన శక్తి అంటూ ప్రసంగిస్తారని విన్నాను. ఒక ముస్లిం ఇక్కడ మెలకువతో ఉండాలి. తౌహీద్ విషయంలో మొహమాటం పనికిరాదు. నేను మొదటివారమే గురువును సూటిగా అడిగాను. ఆయన తడుముకోకుండా, "సార్, నేను నేర్పేది మోకాలు, నడుము, మణికట్టు. అంతకు మించి నాకూ తెలియదు" అన్నాడు. ఆ వినయం నాకు నచ్చింది.

అసలు చిక్కు వేరొకచోట వచ్చింది. తరగతి మొదట్లోనూ చివరలోనూ అందరూ మోకాళ్ళ మీద వరుసగా కూర్చుంటారు. ఈ కూర్చోవడాన్ని 'సెయిజా' అంటారు. మిగతావారు అయిదు నిమిషాలకే కాళ్ళు తిమ్మిరెక్కి అల్లాడుతుంటే నాకు ఏ ఇబ్బందీ కలగలేదు. అత్తహియ్యాత్‌లో కూర్చోవడం రోజుకు అయిదు పూటల అలవాటు కదా! మనం ఎడమ పాదం మీద కూర్చుని కుడి పాదాన్ని నిలబెడతాం, వారు రెండు పాదాలనూ పడుకోబెడతారు. భేదం అంతే. అలా కూర్చున్న తరువాత గోడకు తగిలించిన ఉయెషిబా ఛాయాచిత్రం వైపు తిరిగి, రెండు అరచేతులూ నేలకు ఆనించి, నుదురు నేలకు జానెడు దూరం వచ్చే వరకూ వంగుతారు. దూరం నుంచి చూసేవారికి అది సజ్దాగానే కనిపిస్తుంది.

మొదటి రోజు నేను చూడటానికి వచ్చినవాడిగా ఒక ప్రక్కన కూర్చున్నాను. చేరే ముందు ఈ విషయం తేల్చుకోవాలనుకున్నాను. జపానువారి దృష్టిలో అది ఆరాధన కాదని నాకు తెలుసు. వారు దుకాణంలోనూ, కార్యాలయంలోనూ, పొరుగువారు ఎదురైనప్పుడూ వంగుతారు. మన సలాము వంటిదే వారికది. అయినప్పటికీ మన వైపు నుంచి మనం చూసుకోవలసింది ఉన్నది. మా మస్జిదు ఇమాం సాహెబ్‌ను అడిగాను. ఆయన తొందరపడి తీర్పు చెప్పే మనిషి కాదు. ముందు అక్కడ సరిగ్గా ఏమి జరుగుతుందో చేసి చూపించమన్నారు. చూపించాను. ఆయన రెండు ఉల్లేఖనాలు జ్ఞాపకం చేశారు. షామ్ దేశం నుంచి తిరిగి వచ్చిన ముఆజ్ బిన్ జబల్ (రజి), అక్కడివారు తమ పెద్దలకు చేసినట్లే ప్రవక్త (స)కు సజ్దా చేయగా ఆయన వారించిన సంఘటన ఒకటి. సోదరుణ్ణి కలుసుకున్నప్పుడు వంగవచ్చునా అని ఒక వ్యక్తి అడిగితే వద్దని, కరచాలనం చేయవచ్చునని ప్రవక్త (స) సెలవిచ్చినట్లు అనస్ (రజి) ద్వారా తిర్మిజీలో వచ్చినది రెండవది. "మర్యాదగా తల కాస్త వంచడం గురించి పండితులలో చర్చ ఉంది. కానీ చిత్రపటం ఎదుట ఈ రూపంలో వంగడం గురించి చర్చే అక్కరలేదు. ఆ పని వదిలి మిగతాది నేర్చుకో. వారు ఒప్పుకోకపోతే అక్కడి నుంచి లేచి రా" అన్నారు. తరువాత నా వంక చూసి, "మణికట్టు పట్టేది ఏదో చూపించు" అని తన చేయి చాపారు. డెబ్భై ఏళ్ళ మనిషి.

గురువుతో ఈ మాట చెప్పేటప్పుడు నాలో కొంత బెరుకు ఉన్నది, నిజమే. ఆయనకు ఆ చిత్రపటం తన గురువు ఇచ్చినది. ఆయన కొంతసేపు ఆలోచించి, "వరుస చివర కూర్చోండి సార్. మేము వంగినప్పుడు మీరు గుండె మీద చేయి ఉంచుకోండి. నాకు మీ గౌరవం అందుతుంది" అన్నాడు. విద్యార్థులలో ఒకడు క్రమశిక్షణ అందరికీ ఒకటే కాదా అని గొణిగాడు. గురువు ఆ రోజు అతనికి నన్నే జోడీగా నియమించాడు. మాటలతో చెప్పవలసినది ఆయన ఎక్కువగా ఇలాగే చెబుతాడు. ఇప్పుడు అభ్యాసానికి ముందు జోడీగా నిలబడిన పిల్లలు నాకు తల వంచుతారు, నేను చేయి గుండెపై ఉంచి సలాము చెబుతాను. ఒకరిద్దరు పిల్లలు నాతో చేసేటప్పుడు గుండెపై చేయి ఉంచడం మొదలుపెట్టారు. వద్దని నేను అనలేదు.

మన సమాజంలో కొందరు ఇటువంటి చిక్కు ఎదురవగానే ఆ చోటునే నిషిద్ధమని త్రోసివేస్తారు. మరికొందరు 'ఏముందిలే' అని అందరితోపాటు వంగి వచ్చేస్తారు. అడగడమన్న మూడవ దారి ఒకటి ఉన్నది. సౌదీ అరేబియా యువతి వొజ్దాన్ షహర్‌ఖానీ 2012 లండన్ ఒలింపిక్స్‌లో జూడో బరిలో దిగేందుకు వెళ్ళినప్పుడు, తలపై వస్త్రంతో పోటీ చేయడం మెడకు ప్రమాదమని జూడో సమాఖ్య మొదట అభ్యంతరం చెప్పింది. చర్చల తరువాత బిగుతైన టోపీ వంటి తలకట్టును అనుమతించారు. ఆమె ఆ పోటీలో ఒకటిన్నర నిమిషమైనా నిలబడలేదు, నిజమే. కానీ తలుపు తెరుచుకున్నది. మన నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ బాక్సింగ్ టైటిళ్ళు గెలిచింది. తొలినాళ్ళలో తన దుస్తుల గురించి బంధువులు ఎన్ని మాటలన్నారో ఆమే పత్రికలకు చెప్పింది. బాక్సింగు దుస్తుల విషయంలో మా ఇంటి అభిప్రాయం వేరు కావచ్చు. కూతురి పక్షాన నిలబడిన ఆ తండ్రి ఓర్మిని మాత్రం నేను గౌరవిస్తాను.

మూడవ నెలలో చేతి పట్టు పాఠం వచ్చింది. 'కతాతె దోరి' అంటారు, ఒంటిచేత్తో మణికట్టు పట్టడమన్నమాట. పూర్వం యోధుడు కత్తి దూయకుండా అతని చేతిని శత్రువు పట్టుకునేవాడు. ఆ రోజులనుంచి మిగిలిన అభ్యాసమిది. పాలిటెక్నిక్ చదివే బలిష్ఠుడైన యువకుడు నా కుడి మణికట్టును పట్టుకున్నాడు. మంచి పిల్లవాడు, నాకు ప్రతిరోజూ సలాము చెప్పేవాడు. "గట్టిగా పట్టు" అని గురువు అతనితో అన్నాడు.

అతను బిగించాడు. నేను చేయి వెనక్కి లాగాను. పట్టు మరింత బిగిసింది. భుజం బలమంతా పెట్టి లాగాను. అతను కదలలేదు. అప్పుడు నాకు ఊపిరి పైపైకి రావడం, మెడ బిగుసుకోవడం, చెవుల్లో వేడి తెలిశాయి. చుట్టూ వెలుతురు, తెలిసిన మనుషులు, గురువు ఎదుట ఉన్నాడు, నేను డెబ్భై అయిదు కిలోల మగవాణ్ణి. అయినా నా దేహానికి ఇవేవీ పట్టలేదు. ఆ క్షణంలో నేను లెక్కపెట్టాను. ఒకటి, రెండు, మూడు... పది చాలా పెద్ద సంఖ్య. ముప్పై ఏళ్ళుగా లెక్కలు చెబుతున్నవాణ్ణి, పది ఎంత పెద్దదో నాకు ఆ రోజు తెలిసింది. పక్కకు వెళ్ళి మంచినీళ్ళు త్రాగి కాసేపు కూర్చున్నాను. ఆ యువకుడు కంగారుపడి "నొప్పి పెట్టిందా సార్?" అని అడిగాడు. లేదన్నాను.

తరువాత గురువు విడుపు చూపించాడు. లాగకూడదు. పట్టుకున్న చేతిని అక్కడే ఉండనివ్వాలి. దానిని అతని దగ్గర వదిలివేసి, మన శరీరాన్ని చేతి వద్దకు తీసుకువెళ్ళాలి. ఒక అడుగు ముందుకు, అతని ప్రక్కకు వేసి, పాదం మీద ఇరుసులా తిరగాలి. దీనిని 'తెన్కాన్' అంటారు. తిరిగేసరికి మనిద్దరం ఒకే వైపు చూస్తూ నిలబడి ఉంటాం. అతని బలం ముందుకు కారిపోయి ఉంటుంది, మన చేయి మన బొడ్డు ఎదుట ఉంటుంది. ఎంత గట్టి పట్టులోనైనా బొటనవ్రేలికి, తక్కిన వ్రేళ్ళకు మధ్య ఒక సందు ఉంటుంది. ముంజేతిని కత్తి అంచులా నిలిపి ఆ సందులోంచి తీస్తే బయటికి వస్తుంది. అతనికి గాయం కాదు. చెప్పడానికి నాలుగు వాక్యాలు. పట్టుకున్నవాడి వైపుకే అడుగు వేయడానికి కాళ్ళు ఒప్పుకునేందుకు నాకు రెండు నెలలు పట్టింది.

ఎదుటివాణ్ణి పడగొట్టేవాడు బలవంతుడు కాదు, కోపం వచ్చినప్పుడు తనను తాను అదుపులో ఉంచుకునేవాడే బలవంతుడు అన్న భావంగల ప్రవక్త ప్రవచనం బుఖారీ, ముస్లింలలో ఉన్నది. దాన్ని నేను ఎన్నోసార్లు ఖుత్బాలో విన్నాను, పిల్లలకు చెప్పాను. దానిని ఎప్పుడూ ఒక ఉపదేశంగానే విన్నాను. మణికట్టు పట్టుబడి ఉన్నప్పుడు అది ఎంత వాస్తవమైన మాటో తెలిసింది. కోపం వచ్చినంతసేపూ భుజం బిగుసుకుంటుంది, భుజం బిగుసుకున్నంతసేపూ పాదం తిరగదు. కోపం వచ్చినవాడు నిలబడి ఉంటే కూర్చోవాలని, అప్పటికీ తగ్గకపోతే పడుకోవాలని అబూజర్ (రజి) ఉల్లేఖించిన మరొక బోధన అబూదావూద్‌లో ఉంది. నేలకు దగ్గరవడం గురించి ఈ హాలులో కూడా అదే పనిగా చెబుతుంటారు. నేను దీనిని పెద్దది చేసి ఐకిడోలో ఇస్లాం ఉందని అనబోవడం లేదు. అటువంటి అతికింపులు నాకు గిట్టవు. మనకు ముందే ఇచ్చిన మాటకు అర్థం కొన్నిసార్లు పరాయి వీధిలో తెలుస్తుంది, అంతే.

1984 లాస్ఏంజిల్స్ ఒలింపిక్స్ జూడో తుదిపోరులో ఈజిప్టుకు చెందిన ముహమ్మద్ రష్వాన్ ఎదుట నిలిచిన జపాను వీరుడు యమషితా అప్పటికే కాలి గాయంతో కుంటుతున్నాడు. రష్వాన్ ఓడి రజతం తీసుకున్నాడు. గాయపడిన కాలిని గురి చూసి గెలవడం తనకు ఇష్టం లేకపోయిందని తరువాత చెప్పాడు. ఆయన క్రీడానీతికి అంతర్జాతీయ పురస్కారం లభించింది. ఇది మా అమ్మాయికి చెప్పినప్పుడు, "ఆటలో సరే అబ్బా. బస్‌స్టాపులో వాడి కాలు కుంటిదైతే నేను దాని మీదే తంతాను" అన్నది. నేను ఆలోచించి ఆమెతో ఏకీభవించాను.

ఆ మాటకు వస్తే, ఐకిడో నేర్చుకుంటే వీధిలో ఎవరినైనా ఎదుర్కోవచ్చునని నేను ఏ తల్లిదండ్రులకూ చెప్పను. అభ్యాసంలో జోడీగా ఉన్నవాడు మనతో సహకరించి పడతాడు. వీధిలోని దుర్మార్గుడు అలా పడడు. ఈ విమర్శ ఐకిడోపై పాతదే, అందులో నిజమున్నది. ఏళ్ళ తరబడి చేసినవారికే అది అక్కరకు వస్తుంది. మా గురువు ఈ సంగతి దాచడు. ముందు అరవండి, తరువాత పరుగెత్తండి, పోలీసులకు ఫోను చేయండి, ఇవేవీ కుదరకపోతేనే చేయి తిప్పండి అంటాడు. షీ టీమ్స్ మన రాష్ట్రంలో 2014 నుంచే ఉన్నాయి. మా అమ్మాయికి ఆ సంగతి తెలుసు. కానీ గొంతు పెగలని ఆ పది అంకెల్లో ఫోను చేతికి రాదు. దేహం బిగుసుకుపోకుండా ఉండటం నేర్చుకుంటే గొంతు కూడా పెగులుతుందేమోనన్నది నా ఆశ. అరవడం కూడా అభ్యాసంలో భాగం చేయమని నేను గురువును అడిగాను, ఆయన చేశాడు.

అయిదవ నెలలో అమ్మాయిని చేర్చాలనుకున్నప్పుడు ఇంకొక ప్రశ్న. మగపిల్లలు, ఆడపిల్లలు ఒకరి చేతులొకరు పట్టుకునే తరగతికి నేను పంపలేను. ఈ మాటను గురువు నొచ్చుకోకుండా విన్నాడు. పైగా హిందూ తల్లిదండ్రులు ఇద్దరు ఇదే కారణంతో తమ అమ్మాయిలను మాన్పించారని చెప్పాడు. ఆదివారం జుహ్ర్ తరువాత ఆడపిల్లలకు వేరే తరగతి పెట్టాం. ఇప్పుడు ఆరుగురు ఉన్నారు, ముగ్గురు మన పిల్లలు. ఒక తల్లి ఎప్పుడూ హాలులో కూర్చుని ఉంటుంది. స్కార్ఫుకు పిన్నులు పెట్టుకోరాదు, దొర్లేటప్పుడు గుచ్చుకుంటాయి. కనుక నా భార్య తలమీదుగా తొడిగి మెడ వద్ద దుస్తుల్లోకి దోపుకునేలా నూలుతో కుట్టిపెట్టింది. ఇప్పుడు మిగతా అమ్మాయిలకు కూడా ఆమే కుట్టి ఇస్తున్నది. గురువు ఏ అమ్మాయినీ తాకడు. పట్టు చూపించాలంటే ఆయనకొక మగమనిషి కావాలి. ఆ మనిషిని నేను. ఆయన నన్ను పడగొడతాడు, అమ్మాయిలు చూసి తమలో తాము చేస్తారు. ప్రతి ఆదివారం కూతురి ఎదుట ముప్పై నలభై సార్లు పడే తండ్రి వరంగల్ జిల్లాలో నేనొక్కణ్ణే అయి ఉంటాను.

రమజానులో అభ్యాసాన్ని అస్ర్ తరువాత అరగంటకు కుదించారు, అదీ నెమ్మదిగా చేసే పట్టులే. ఈదు నాడు గురువు మా ఇంటికి షీర్ ఖుర్మాకు వచ్చాడు. మా అమ్మీ ఆయనను పరిశీలనగా చూసి, "మనిషి సన్నగా ఉన్నాడు, మా వాణ్ణి ఎట్లా పడేస్తాడు?" అని నాతో ఉర్దూలో అడిగింది. ఆయన వరంగల్ పిల్లవాడే, ఉర్దూ అర్థమై నవ్వాడు.

అమ్మీకి మొదటి నుంచీ ఈ నేర్చుకోవడం ఇష్టం లేదు. ఆడపిల్ల చేయి తిప్పడం నేర్చుకుంటే అత్తవారింట్లో తిప్పదా అని ఆమె భయం. ఈదు వెళ్ళిన వారం తరువాత ఒక సాయంత్రం అమ్మాయిని పిలిచి మంచం మీద తన ప్రక్కన నిలబడమన్నది. "ఎట్లా పట్టుకున్నాడు? ఇట్లానా?" అని మనవరాలి మణికట్టును తన రెండు చేతులతో బిగించి పట్టుకున్నది. గాజులు కదిలాయి. అమ్మాయి లాగలేదు. దాదీ వైపే ఒక అడుగు వేసి, మంచం అంచు పొడుగునా మెల్లగా తిరిగి, చేయి బయటికి తీసుకుని, అదే చేత్తో దాదీ భుజం పట్టి నిలబడింది, ఆమె తూలకుండా. అమ్మీ తన ఖాళీ చేతులను కొంతసేపు చూసుకున్నది.

"మళ్ళీ చెయ్యి బేటా," అన్నది. "ఈసారి నేను సరిగ్గా పట్టుకోలేదు."